టేకు చేపల మధ్య మా సుభద్ర

మాల్దీవులు వెళ్లొచ్చి నెల దాటింది. షాపుకొచ్చిన ప్రతివాళ్లూ "ఏం చూశారండీ అక్కడ?" అని అడుగుతున్నారు. "నీళ్లు చూశాం" అని చెప్పి తప్పించుకుంటున్నాను. చెప్పాల్సింది దానికంటే కొంచెం పెద్దది. కాటా పక్కన నిలబడి చెప్పేది కాదు. అందుకని రాస్తున్నాను.

మాది నూజివీడులో మామిడికాయల వ్యాపారం. వేసవి మూడు నెలలూ మా ఇంట్లో మనిషికి మనిషి మొహం కనబడదు. మిగతా తొమ్మిది నెలలూ తోటలు చూడటం, పూత చూడటం, మబ్బు చూడటం. పెళ్లైన ముప్ఫై నాలుగేళ్లలో మా ఆవిడ సుభద్ర నన్ను ఫలానా ఊరు తీసుకెళ్లండి అని అడిగింది లేదు. ద్వారకా తిరుమల, అన్నవరం, ఒకసారి కాశీ తిరిగాం. అవన్నీ నేను అనుకున్నవో మా అమ్మ మొక్కుకున్నవో.

అలాంటిది మొన్న దసరా వెళ్లాక ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ తన ఫోను తెచ్చి నా కంచం పక్కన పెట్టింది. లేత ఆకుపచ్చ నీళ్లు. నడుముల్లోతులో ఇద్దరు ఆడవాళ్లు. వాళ్ల చుట్టూ తాండ్ర ఆరబోసిన చాపల్లాంటివి ఏవో మెల్లగా తిరుగుతున్నాయి.

"ఇవి చేపలంటండీ. స్టింగ్‌రే అంటారంట. ఎవరూ పెంచినవి కావు, సముద్రంలోంచి వాటంతట అవే వస్తాయంట. మనం వెళ్దామా?"

పెరుగన్నం కలుపుతున్న నా చెయ్యి ఆగిపోయింది. "వాటి తోకకి ముల్లుంటుంది కదే?"

"ఉంటుందంట. తొక్కకపోతే ఏం చెయ్యవంట."

ఏలూరులో ఉన్న మా అమ్మాయి లావణ్యకి ఫోన్ చేసి, మీ అమ్మకి ఇదేం పిచ్చి అని అడిగాను. "నీకు కుదరకపోతే మానెయ్ నాన్నా, అమ్మని నేను తీసుకెళ్తా" అంది. ఆ మాటతో నాకు పౌరుషం వచ్చింది. డిసెంబరు మొదటి వారానికి టిక్కెట్లు తియ్యమన్నాను. అప్పటికి పూత మొదలవదు, నేను లేకపోయినా తోటలకి వచ్చే నష్టం లేదు.

బయలుదేరే ముందు రోజు పెట్టె సర్దుతుంటే చూశాను. చీరల అడుగున రెండు కొత్త పంజాబీ డ్రెస్సులు. సుభద్ర ఎప్పుడూ చీర తప్ప కట్టలేదు. "ఇవెవరికి?" అన్నాను. "అక్కడ గాలి ఎక్కువంట" అని పెట్టె మూసేసింది.

అరగంట వెనక

విమానంలోంచి చూస్తే ఆ దేశం దేశంలా లేదు. నీలం నేల మీద ఎవరో ముగ్గు చుక్కలు పెట్టి, కలపడం మర్చిపోయి లేచి వెళ్లిపోయినట్టుంది. ఒక్కో చుక్క చుట్టూ తెల్లటి అంచు, దాని చుట్టూ లేత ఆకుపచ్చ, ఆ తర్వాత ఒక్కసారిగా కటిక నీలం. సుభద్ర అద్దానికి ముక్కు ఆనించి కూర్చుంది. భోజనం ట్రే వచ్చినా తిరగలేదు.

రాజధానిలో దిగి స్పీడు బోటు ఎక్కాం. అందరూ తడవకుండా ముందు సీట్ల కోసం తోసుకుంటుంటే ఈవిడ వెళ్లి చివర్లో కూర్చుంది. నీళ్లు ఎగిరి మొహాన కొడుతున్నాయి. చీర కుచ్చిళ్లు తడిసి ముద్దయ్యాయి. నేను బోటు కమ్మీని రెండు చేతులతో పట్టుకుని కళ్లు మూసుకున్నాను. నూజివీడు బజారులో పుట్టి పెరిగినవాడిని. నాకు తెలిసిన నీళ్లు బిందెలోవీ బకెట్లోవీ.

మేం దిగిన దీవి ఈ చివరి నుంచి ఆ చివరికి పావుగంట నడక. కార్లు లేవు, తారు రోడ్డు లేదు, అన్నీ ఇసుక సందులే. పగడపు రాళ్లతో కట్టిన పాత ప్రహరీలు, వాటి మీదుగా తొంగిచూసే మునగ కొమ్మలు. మునగాకు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మేం బస చేసిన ఇంటి యజమాని నసీర్. నలభై ఏళ్లుంటాయి. కింద వాళ్ల అమ్మతో పాటు తను ఉంటూ, పైన నాలుగు గదులు అతిథులకి ఇస్తాడు. ఢిల్లీ, నాగపూర్ పార్టీలతో బేరాలాడి నాకు హిందీ వచ్చు. హిందీ సీరియళ్లు చూసి వాళ్లకీ వచ్చింది. అందుకని మాటకి ఇబ్బంది లేకపోయింది.

వాకిట్లో ఇనప చట్రాలకి తాళ్లతో వల అల్లిన కుర్చీలున్నాయి. కూర్చుంటే ఒళ్లంతా వలలోకి జారిపోతుంది. వాటిని జోలి అంటారట. ఆ మాట విని సుభద్ర నవ్వింది. మన జోలె ఇంత దూరం ఎలా వచ్చిందో! నసీర్ వాళ్లమ్మ ఫాతుమా గారు వక్కముక్కలు, తమలపాకు, లవంగాలు ఉన్న పళ్లెం తెచ్చి ముందు పెట్టారు. డెబ్భై ఏళ్లు దాటిన మనిషి, బక్కపల్చగా, తలమీద ముసుగుతో. భోజనమయ్యాక మా అమ్మ పెట్టే పళ్లెమే అది. ఒక్క సున్నం డబ్బా ఆకారమే వేరు.

అక్కడ గడియారం మన కంటే అరగంట వెనక ఉంటుంది. చేతి వాచీ ముల్లు వెనక్కి తిప్పుతుంటే సుభద్ర అడిగింది. "ఈ మిగిలిన అరగంట ఎవరిదండీ?"

"నీదే, తీసుకో" అన్నాను.

ఆ అరగంటా ఆవిడ జోలిలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, సముద్రం చప్పుడు వింటూ ఉండిపోయింది. నిద్రపోయిందేమో అనుకున్నాను. కాలి బొటనవేలు మాత్రం అలకీ అలకీ మధ్య కదులుతోంది.

కొబ్బరి పచ్చడి

రెండో రోజు పొద్దున టిఫిను దగ్గర నాకొక ఘోరం జరిగింది. పల్చటి రొట్టెలు, రోషి అంటారు, వాటి పక్కన కొబ్బరి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపిన పచ్చడి పెట్టారు. నేను రెండు రొట్టెలకి దండిగా అద్దుకుని తిన్నాను. "కొబ్బరి పచ్చడి మన వాళ్లకంటే బాగా చేశారే" అని కూడా అన్నాను. సుభద్ర ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, గిన్నె పక్కకి జరిపింది.

"ఏమండీ, అందులో చేప ఉంది."

మేం తరతరాలుగా ముక్క ముట్టని వాళ్లం. నోట్లో ఉన్నది మింగాలో ఉమ్మాలో తెలియలేదు. నసీర్ పరిగెత్తుకొచ్చి చెంపలు వాయించుకున్నంత పని చేశాడు. ఆ దీవుల్లో ట్యూనా చేపని చేపగా లెక్కెయ్యరట, మనం కూరలో ఉప్పుని లెక్కెయ్యనట్టు. నేను రెండుసార్లు పళ్లు తోముకున్నాను. "తెలియక తిన్నారు, ఇంక వదిలెయ్యండి. బాగుందని మీరే అన్నారుగా" అని సుభద్ర మూతి బిగబట్టి నవ్వింది. ఆ పూట నుంచి మేం తీసుకెళ్లిన ఆవకాయ, గోంగూర సీసాలు బయటికొచ్చాయి. ఫాతుమా గారు ఆవకాయ ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ల నీళ్లు కారుస్తూనే ఇంకో ముక్కకి చెయ్యి చాచారు.

తర్వాత దీవిలో ఉన్న ఒకే ఒక పచారీ కొట్టుకి వెళ్లాం. అలవాటు కొద్దీ నా కళ్లు పళ్ల బుట్ట వెతుక్కున్నాయి. మామిడి పండ్లున్నాయి. ఏ దేశానివో, ఒక్కోదానికి చిన్న స్టిక్కరు. ఒక్క పండు మన డబ్బుల్లో రెండు వందల పైమాటే. తీసి వాసన చూశాను. ఏమీ లేదు. తొడిమ దగ్గర నొక్కాను. రాయి. మన దగ్గర జ్యూసు ఫ్యాక్టరీకి పోయే కలెక్టర్ కాయ దీనికంటే నయం. "పండు నలిపితే కొనాలి" అని బోర్డుందట. కొట్టువాడు అది చూపించాడు. కొన్నాను. నూజివీడు వాడిని, డిసెంబరులో, రెండు వందలిచ్చి మామిడి పండు కొన్నాను. ఈ మాట మా బజారులో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే రాస్తున్నాను.

టేకు చేపలు

ఆ సాయంత్రం నాలుగున్నరకి నసీర్ మమ్మల్ని ఒడ్డుకి తీసుకెళ్లాడు. వేటనుంచి వచ్చిన పడవలు అక్కడ ఆగుతాయి. జాలరులు చేపలు శుభ్రం చేసి మిగిలింది నీళ్లలోకి విసురుతారు. ఆ వాసనకి స్టింగ్‌రేలు ఒడ్డుదాకా వస్తాయి. మన మచిలీపట్నం వైపు వీటిని టేకు చేపలంటారట, తర్వాత తెలిసింది.

మొదట ఏమీ కనబడలేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి, అడుగున ఇసుక మడతలు కూడా లెక్కపెట్టొచ్చు. ఆ ఇసుకలో ఒక మడత కదిలింది. కదిలి, అంచులు పైకీ కిందకీ ఊపుతూ, గాల్లో ఎగిరినట్టు నీళ్లలో ఎగురుతూ మా వైపు వచ్చింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక నాలుగు. రెండు చేతులు బార్లా చాపినంత వెడల్పు. గోధుమ రంగు వీపు. ఆ వీపు మీదే రెండు కళ్లు, మనని చూస్తున్నాయో లేదో తెలియని చూపు. వెనక కొరడాలాంటి పొడవాటి తోక. ఒక్క చప్పుడు లేదు. అంత పెద్ద ప్రాణులు అంత నిశ్శబ్దంగా తిరగడం నేనెప్పుడూ చూడలేదు.

"కాలు ఎత్తి వెయ్యకూడదు ఆంటీ" నసీర్ చెప్పాడు. "ఇసుకలో ఈడ్చుకుంటూ నడవాలి. ఆ కదలికకి అవే తప్పుకుంటాయి. తోక వైపు చెయ్యి పెట్టొద్దు. మీరు ముట్టుకోవద్దు, అవి ముట్టుకుంటే భయపడొద్దు."

ఆ ఊరి ఆడవాళ్లు ముగ్గురు తలనుంచి పాదం దాకా బట్టల్తోనే నీళ్లలో ఉండి కబుర్లు చెప్పుకుంటున్నారు. సుభద్ర వాళ్లని ఒకసారి చూసి, చున్నీ నడుముకి బిగించి కట్టుకుంది. అవును, కొత్త పంజాబీ డ్రెస్సు వేసుకునే వచ్చింది. నేను చెప్పులు కూడా విప్పకుండా పొడి ఇసుకలో నిలబడ్డాను.

ఆవిడ పాదాలు ఈడ్చుకుంటూ మోకాటి లోతుకి వెళ్లింది. ఒక టేకు చేప ఆవిడ పిక్కలకి ఒరుసుకుంటూ పోయింది. "వెల్వెట్ లాగుందండీ!" అని కేకేసింది. ఆ గొంతు నేను విన్న గొంతు కాదు, ఏదో చిన్నపిల్లది. నడుముల్లోతు. గుండెల్లోతు. చుట్టూ ఏడో ఎనిమిదో చేపలు, దిగుతున్న ఎండ వాటి వీపుల మీద వల వేసినట్టు వణుకుతోంది. నాకు కూడా ఒక్క క్షణం అదంతా నిద్రలో చూస్తున్నట్టనిపించింది.

అప్పుడే సుభద్ర తల నీళ్లలోకి వెళ్లిపోయింది.

ఒకటి, రెండు, మూడు... తల రాలేదు. చాలా దూరంలో, నేను చూస్తున్న చోటు కానే కాని చోట, పైకి తేలింది. ఒక పక్కకి ఒరిగి, చేయి తర్వాత చేయి వేస్తూ ఈదుతోంది. తొట్రుపాటు లేదు. ఆవిడ కిందగా ఒక టేకు చేప, నీడలాగా, అదే వేగంతో పోతోంది. జాలరులు పని ఆపి చూస్తున్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు.

నేను అరిచాను. "సుభద్రా! ఏంటా పని? బయటికి రా! సిగ్గుండాలి, ఈ వయసులో!"

తెలుగులోనే అరిచాను గానీ, ఒడ్డున అందరికీ అర్థమైంది. చప్పట్లు ఆగిపోయాయి. సుభద్ర ఈదడం ఆపేసింది. నెమ్మదిగా నడుచుకుంటూ బయటికొచ్చి, చున్నీ విప్పి పిండుకుని, నా వంక చూడకుండా గదికి వెళ్లిపోయింది.

మంగినపూడి

తను తల తుడుచుకుంటుంటే గుమ్మంలో నిలబడి అడిగాను. "నీకు ఈతొచ్చా?"

"వచ్చు."

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"రెడ్డిగూడెంలో మా నాన్న తోటలో బావి ఉండేది. ఎనిమిదేళ్లప్పుడు మా అన్నయ్య మునిగిపోకుండా వీపుకి బెండ్లు కట్టి తోసేశాడు. పదమూడు దాకా రోజూ అందులోనే. పెద్దమనిషినయ్యాక ఇంక దిగొద్దన్నారు."

"ముప్ఫై నాలుగేళ్లలో నాకొక్కసారి చెప్పలేదేం?"

తువ్వాలు పక్కన పెట్టి అప్పుడు నా మొహం చూసింది. "చెప్పడమెందుకు? మీరు చూశారుగా."

"ఎక్కడ?"

"మంగినపూడిలో. పెళ్లైన రెండో ఏడు కార్తీకమాసంలో అందరం వెళ్లాం. మామయ్యగారు, అత్తయ్యగారు, మీ అన్నదమ్ములు, తోటికోడళ్లు. సముద్రం చూసేసరికి ఆగలేక ముందుకెళ్లాను. మీరు ఒడ్డునుంచి కేకేశారు. సిగ్గుండాలి అన్నారు. అప్పుడూ అదే మాట, ఇప్పుడూ అదే మాట. ఇవాళ మీరు కొత్తగా ఏమీ అనలేదు."

కోపంగా అనలేదు. అది కోపమైతే నాకు తేలికగా ఉండేది.

నేను మంచం మీద కూర్చుండిపోయాను. మంగినపూడి వెళ్లినట్టు గుర్తుంది. వ్యానులో వెళ్లాం, పులిహోర తిన్నాం, తిరుగు ప్రయాణంలో టైరు పంక్చరైంది. అన్నీ గుర్తున్నాయి, ఈ ఒక్కటి తప్ప. తర్వాత నెమ్మదిగా, అడుగునుంచి తేలినట్టు, ఒక్కొక్కటే వచ్చింది. అలల్లో ఒక తల కనబడకపోవడం. మా నాన్న నా వంక చూడటం. నా గొంతు.

ఫాతుమా గారి చెట్టు

మూడో రోజు సుభద్ర ఒడ్డుకి రాలేదు. మళ్లీ చీర కట్టుకుని, కింద వంటింటి అరుగు మీద ఫాతుమా గారి పక్కన కూర్చుని కొబ్బరి కోరింది. మన కత్తిపీటకి కోరాం బిగించినట్టే ఉంది వాళ్ల సామాను, కాకపోతే గుర్రం ఎక్కినట్టు దాని మీద కూర్చోవాలి. ఈవిడ తెలుగులో, ఆవిడ వాళ్ల భాషలో గంటల తరబడి మాట్లాడుకున్నారు. హిందీ అవసరమే రాలేదు.

నేను ఒంటరిగా దీవి చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చేసరికి ఫాతుమా గారు పెరట్లోకి పిలిచారు. అక్కడొక మామిడి చెట్టుంది. ఇసుక నేలలో, ఒక నిలువున్నర ఎత్తు, ఆకు మాత్రం నిగనిగలాడుతోంది.

"నువ్వు మామిడి వ్యాపారివని నసీర్ చెప్పాడు. పదేళ్లయింది దీన్ని నాటి. రెండంటే రెండే కాయలు కాసింది. దీనికేం రోగం?"

మూడు రోజుల్లో మొదటిసారి నాకు తెలిసిన విషయం ఒకటి ఎదురైంది. చుట్టూ తిరిగి చూశాను, మొదలు దగ్గర మట్టి తీసి చూశాను. తడి. "రోజూ నీళ్లు పోస్తారా?"

"రోజూ. రెండు పూటలా."

"అదేనండి దీని రోగం. ఆకు మీద ఆకు వేసుకుంటూ కూర్చుంది. మా వైపు పూతకి ముందు రెండు నెలలు తోటలకి తడి పెట్టం. ఎండగట్టాలి. అప్పుడు పూస్తుంది."

అరుగు మీదనుంచి సుభద్ర అంది, కోరుతున్న కొబ్బరి మీదనుంచి తల ఎత్తకుండానే. "చెట్ల సంగతి ఆయనకి బాగా తెలుసు."

ఫాతుమా గారికి తెలుగు రాదు. అయినా సుభద్ర వంక చూసి, నా వంక చూసి, కాసేపాగి అడిగారు. "నీ భార్య ఇవాళ నీళ్లలోకి ఎందుకు వెళ్లలేదు?"

"ఒంట్లో బాలేదండి."

"అబద్ధం. నిన్న నువ్వు అరిచావట, ఊరంతా అనుకుంటోంది. ఎందుకు అరిచావు?"

తీసిన మట్టి మళ్లీ చెట్టు మొదలుకి కప్పాను. ఆవిడ కొబ్బరి చిప్పతో ఇసుక గీస్తూ, అరుగు మీదికి వినబడకుండా గొంతు తగ్గించి, "నీకొకటి చెప్తాను, నవ్వకు. పుట్టింది ఇక్కడే, పెరిగింది ఇక్కడే. నాకు ఈత రాదు. మోకాలు దాటి ఎప్పుడూ వెళ్లలేదు. భయం" అన్నారు.

నేను నవ్వలేదు. "నాకూ భయమేనండీ" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. పరాయి దేశంలో, పరాయి భాషలో, పరాయి ఇంటి పెరట్లో.

ఫాతుమా గారు చిప్ప ఆపేశారు. "అయితే నువ్వు భయపడి అరిచావా? నేను కోపం అనుకున్నాను. ఆ పిల్ల కూడా కోపమనే అనుకుంటోంది."

యాభై నాలుగేళ్ల సుభద్ర ఆవిడకి పిల్ల.

మోకాటి లోతు

నాలుగో రోజు పొద్దున సముద్రం పాలలా ఉంది. అల కూడా లేదు. సుభద్ర వాకిట్లో జోలిలో కూర్చుని టీ తాగుతోంది. నేను వెళ్లి పక్క జోలిలో కూర్చున్నాను. అందులోకి ఒకసారి జారితే లేవడం కష్టం. అదే మంచిదైంది, మధ్యలో లేచి పారిపోయే వీల్లేకపోయింది.

"నాకు నీళ్లంటే భయం సుభద్రా."

"ఏంటి?"

"భయం. మంగినపూడిలోనూ అంతే. నీ తల కనబడకపోయేసరికి ప్రాణాలు పోయినట్టయింది. దిగి నిన్ను పట్టుకొచ్చే ధైర్యం లేదు. పక్కన నాన్న, అన్నయ్య. భయమేసిందని వాళ్ల ముందు చెప్పడానికి నామోషీ. అందుకని నిన్ను సిగ్గుండాలి అన్నాను. సిగ్గు నాది. మొన్న కూడా."

ఆవిడ చేతిలో టీ చల్లారిపోయింది. ఎవరి ఇంట్లోనో కోడి కూసింది. నేను ఆ చల్లారిన టీ నా మొహాన పోసినా కూర్చోవాలనుకున్నాను.

"ఇంత చిన్న మాటకి ముప్ఫై మూడేళ్లు పట్టిందా మీకు?"

"పట్టింది."

"నేను నా ఈత తప్పేమో అనుకున్నాను అన్నేళ్లూ." కప్పు కింద పెట్టి లేచింది. "చెప్పులు విప్పండి."

ఒడ్డున ఎవరూ లేరు. నా లుంగీ మోకాళ్ల పైకి కట్టి, ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి కాదు, మణికట్టు. చిన్నపిల్లల్ని రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు. "ఈడ్చండి. ఎత్తకండి. ఈడ్చండి." నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. మోకాటి లోతుకి వెళ్లేసరికి దూరంగా ఇసుక కదిలింది. రెండు టేకు చేపలు.

"వస్తున్నాయి సుభద్రా."

"రానివ్వండి. ఊపిరి పీల్చండి."

మొదటిది పక్కనుంచి పోయింది. రెండోది నేరుగా వచ్చి నా పాదాల మీదుగా జారింది. చల్లగా, మెత్తగా, బరువు లేకుండా, తడి పట్టుగుడ్డ లాగినట్టు. నేను కదలకూడదని తెలుసు. తెలిసినా కదిలాను. వెనక్కి తూలి, చతికిలబడి, నోటినిండా ఉప్పునీళ్లు మింగాను. లేచేసరికి కళ్లజోడు లేదు.

సుభద్ర రెండుసార్లు మునిగి వెతికింది. ఇసుక రేగిపోయింది, దొరకలేదు. నాకు జోడు లేకపోతే మూరెడు దూరం దాటాక అంతా మసకే. "కదలకండి, అక్కడే ఉండండి" అని తను ఇంకా అవతల వెతకడానికి వెళ్లింది.

అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆకాశానికీ నీళ్లకీ మధ్య గీత లేదు. అంతా ఒకే లేత రంగు. ఆ రంగులోంచి గోధుమ మచ్చలు వచ్చి, పెద్దవై, నా చుట్టూ తిరిగి, మళ్లీ రంగులో కలిసిపోతున్నాయి. ఏది నీడో ఏది చేపో తేల్చుకోలేను. పారిపోదామంటే ఒడ్డు ఎటుందో తెలియదు. కాసేపటికి భయం పోయిందని రాస్తే అబద్ధం. ఉంది. ఉండి, నాతో పాటు అదీ ఊరికే నిలబడింది. ఒక చేప నా పిక్కకి ఒరుసుకుని ఆగింది. పిల్లి వచ్చి పక్కన చేరినట్టు. నేను ఊపిరి కూడా మెల్లగా పీల్చాను. ఆ వెచ్చటి నీళ్లలో, ఆ తెల్లటి వెలుగులో, నాకు నా వయసు గుర్తు లేదు.

"దొరకలేదండీ" సుభద్ర గొంతు దగ్గర్లోనే వినిపించింది. "పోనీలే. ఏ చేపో పెట్టుకుంటుంది."

ఇద్దరం నవ్వాం. నవ్వుకి కూడా చేపలు పోలేదు.

చివరి సాయంత్రం

ఐదో రోజు పొద్దుగూకే ముందు మళ్లీ వెళ్లాం. ఈసారి ఫాతుమా గారు కూడా వచ్చి, చీలమండలు తడిసేంత దూరంలో నిలబడ్డారు. చెట్టుకి నీళ్లు మానేశానని, రెండు రోజులకే మనసు పీకుతోందని చెప్పారు. నేను నడుముల్లోతు దాకా వెళ్లాను. సుభద్ర నా మణికట్టు వదిలింది.

"అదిగో, ఈతకి హద్దుగా తాడు కట్టిన ఆ తేలే డబ్బాల దాకా వెళ్లొస్తాను. అవతలికి పోను."

డబ్బాలు నాకు కనబడవు. తాడూ కనబడదు. "సరే" అన్నాను.

నీళ్లు చీలే చప్పుడు కొంతసేపు వినిపించింది. తర్వాత అదీ లేదు. ఎదురుగా కుంకుమ రంగు కరిగి పారుతున్నట్టుంది, అందులో ఎక్కడా తల లేదు. ఉన్నా నాకు తెలియదు. కింద టేకు చేపలు వస్తూ పోతూ ఉన్నాయి. నాకు అరుపు వచ్చింది. నిజంగా వచ్చింది, గొంతు దాకా. ఒడ్డునుంచి ఫాతుమా గారు "వెళ్తోంది, వెళ్తోంది, బాగా వెళ్తోంది" అని హిందీలో చెబుతున్నారు. తర్వాత ఆవిడా ఆపేశారు. చూస్తూ ఉండిపోయారేమో.

చాలాసేపటికి కుడివైపు నీళ్లు కదిలాయి. చేప అనుకున్నాను. తడి చెయ్యి నా భుజం మీద పడింది. సుభద్ర ఆయాసపడుతోంది. జుట్టు మొహానికి అంటుకుని, కళ్లు ఎర్రగా, పదమూడేళ్ల పిల్లలా ఉంది.

"డబ్బా ముట్టుకుని వచ్చానండీ" అంది. ఊపిరి తీసుకుని, "పిలవలేదేంటి మీరు?" అంది.

"మూడుసార్లు నోటిదాకా వచ్చింది."

"మరి?"

"మింగేశాను. ఉప్పగా ఉంది."

సుభద్ర పకపకా నవ్వింది. ఆ నవ్వుకి ఒడ్డున ఫాతుమా గారు కూడా, ఏమీ అర్థం కాకుండానే నవ్వారు. తర్వాత సుభద్ర జుట్టు వెనక్కి తోసుకుని, "ఇంకొక్కసారి" అని, నా జవాబు కోసం ఆగకుండా నీళ్లలోకి వెళ్లిపోయింది.